దూరప్రయాణానికి ఏ మోటారు సైకిలు?

ప్రయాణమన్నది మనవారికి కొత్త విద్య కాదు. కాశీకి నడచి వెళ్లివచ్చినవారు, ఎడ్లబండ్లు కట్టుకొని జాతరలకు తరలిపోయినవారు మన పెద్దలలో ఎందరో ఉన్నారు. బండి కదలకముందే వారు ఎడ్ల గిట్టలు చూసుకొనేవారు. ఇరుసుకు కందెన పెట్టేవారు. ఎంత బరువు వేస్తే ఏ వాగు ఇసుకలో బండి దిగబడుతుందో లెక్క వేసుకొనేవారు. నేటి యువకుడు ఎడ్లబండికి బదులు మోటారు సైకిలు ఎక్కుతున్నాడు. బరువునూ బాటనూ కలిపి తూచుకొనే ఆ పాత అలవాటు మాత్రం అతనికి మునుపటికన్న ఎక్కువ అవసరమైనది.

హైదరాబాదుకు తూర్పున, మూసీ ఒడ్డున ఉన్న నాగోలు సంగతే తీసుకుందాం. ఒకప్పుడు ఊరిబయటి పల్లె అయిన ఈ చోటికి 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చినది. ఇక్కడినుంచి ఉప్పలు మీదుగా పోతే వరంగల్లు బాట, ఎల్.బి.నగర్ కూడలికి పోతే ఒకవైపు విజయవాడ రహదారి, మరొకవైపు ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగరు రోడ్డు. ఇన్ని బాటలు గుమ్మం ముందు నుంచే మొదలయ్యే చోట, సెలవునాటి తెల్లవారుజామున యువకులు మోటారు సైకిళ్ల మీద బయలుదేరటంలో ఆశ్చర్యం లేదు. వారిలో కొంత అనుభవం గడించి, ఉద్యోగంలో స్థిరపడిన ప్రతివానికీ ఒకనాడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. కొండలకు, అడవులకు, పొరుగు రాష్ట్రాలకు పోగల సాహసయాత్రా మోటారు సైకిలు కొనాలి. అది మధ్యరకం కావలెనా, పెద్దరకం కావలెనా?

ఇది విలాసవంతుల కాలక్షేపపు ప్రశ్న అని తోసివేయటానికి వీలులేదు. ఇందులో ఒక మధ్యతరగతి కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము ఉన్నది. అంతకుమించి, బండి ఎక్కినవాని ప్రాణమూ, వాని కోసం ఇంటివద్ద ఎదురుచూసేవారి మనశ్శాంతీ ఉన్నవి.

ముందుగా ఈ వాహనం పుట్టుక చెప్పుకుందాం. 1980లో జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. వారు ఆర్ 80 జి.ఎస్. అనే మోటారు సైకిలును తయారుచేశారు. ఆ రెండు అక్షరాలు జర్మను భాషలో బాటలేని నేలకు ఒకటి, రహదారికి ఒకటి గుర్తులు. రెంటిమీదా సమానంగా నడవాలన్నదే దాని ఉద్దేశం. దాని ఇంజను 800 సి.సి.కి కొంచెం తక్కువ. శక్తి 50 అశ్వశక్తులు. బరువు సుమారు 190 కిలోలు. 1981లో ప్యారిస్-డకార్ పందెంలో ఆ కుదురుకు చెందిన బండి మీదనే హ్యూబర్ట్ ఓరియోల్ మోటారు సైకిళ్ల విభాగంలో ప్రథముడుగా వచ్చాడు. ఈ తరగతికి పేరు తెచ్చినది ఆ విజయమే.

అదే వంశంలో నేటి పెద్ద బండి ఆర్ 1300 జి.ఎస్. దాని శక్తి 145 అశ్వశక్తులు, బరువు 237 కిలోలు. 2024 జూనులో మన దేశంలో విడుదల అయినప్పుడు దాని ధర, రిజిస్ట్రేషను ఖర్చులు కాక, 20 లక్షల 95 వేల రూపాయలు. మధ్యరకానికి ఉదాహరణగా 2023 నవంబరులో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450ను తీసుకోవచ్చు. 452 సి.సి. ఇంజను, 40 అశ్వశక్తులు, 196 కిలోల బరువు. విడుదలనాటి ధర 2 లక్షల 69 వేలు. కె.టి.ఎం. 390 అడ్వెంచర్ కూడా ఈ తరగతిదే. వెనుకటి దిగ్గజం బరువు నేటి మధ్యరకం బరువుకు ఇంచుమించు సమానమని శ్రోతలు గమనించే ఉంటారు. మనం ఇవాళ మధ్యరకమని పిలుస్తున్నది ఒకనాడు ఎడారులు దాటిన కొలతే.

విదేశాలలో 700 నుంచి 900 సి.సి. దాకా ఉన్నవాటిని మధ్యరకమంటారు. మన దేశపు ధరలకు, మన రోడ్లకు 400–450 సి.సి. బండినే మధ్యరకంగా భావించటం సమంజసం. ఆ నడిమి శ్రేణిని గురించి తరువాత మనవి చేస్తాను.

ఇక ఎంపికలో మనకు తోడుపడే పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా? చట్టం తోడుపడుతుందని ఆశించేవారికి నిరాశే మిగులుతుంది. నాగోలులో రవాణాశాఖవారి డ్రైవింగు పరీక్షా మైదానం ఉన్నది. అక్కడ వంద సి.సి. బండి మీద ఎనిమిది అంకె చుట్టివచ్చి గేర్ల మోటారు సైకిలుకు లైసెన్సు పొందిన యువకుడు, ఆ కాగితంతోనే మరునాడు 145 అశ్వశక్తుల బండిని నడపవచ్చు. చట్టరీత్యా అడ్డులేదు. యూరపులో ఈ వ్యవహారానికి మెట్లు కట్టారు. పద్దెనిమిదేళ్లవానికి 35 కిలోవాట్లు, అనగా సుమారు 47 అశ్వశక్తులు మించని బండికే అనుమతి. ఆ లైసెన్సుతో రెండేళ్లు గడిచిన తరువాతనే, అదీ మరొక పరీక్షో శిక్షణో పూర్తిచేసినవానికే, పెద్ద బండి యోగ్యత లభిస్తుంది. మొదటిసారే పెద్దదానికి పోదలచినవానికి సాధారణంగా 24 ఏళ్లు నిండాలి. మనం మధ్యరకమంటున్న బండ్లన్నీ అక్కడి నడిమి మెట్టుకు సరిగా సరిపోతాయి.

పన్నులోనూ ఇంతే. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. దాటిన మోటారు సైకిళ్లన్నిటికీ వస్తుసేవల పన్ను 40 శాతం. 450కీ అదే, 1300కీ అదే. రాజ్యం ఈ రెంటికీ మధ్య గీత గీయలేదు గనుక, ఆ గీతను కొనేవాడే తన విచక్షణతో గీసుకోవాలి.

మొదట శక్తిని విచారిద్దాం. చదునైన రోడ్డు మీద గాలి నిలకడగా ఉన్నప్పుడు, మనిషినీ సామానునూ మోస్తూ గంటకు 80 కిలోమీటర్ల వేగం నిలబెట్టటానికి ఒక మోటారు సైకిలుకు పది అశ్వశక్తులు చాలు. 120కి పోతే గాలి అడ్డు బాగా పెరిగి, సుమారు ఇరవై కావలసివస్తుంది. పదింట ఒక వంతు వాలు గల ఘాటు రోడ్డును గంటకు 40 వేగంతో ఎక్కటానికి ఏడెనిమిది అశ్వశక్తులు సరిపోతాయి. ఆపైన ఉన్న శక్తి అంతా లారీని దాటిపోయే ఆ కొద్ది క్షణాల కోసమూ, అతివేగం కోసమూ ఉన్నదే.

ఆ అతివేగానికి మనకు బాట ఎక్కడ ఉన్నది? 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పరిమితుల ప్రకారం, మధ్య విభాగిని గల నాలుగు వరుసల రహదారి మీద మోటారు సైకిలుకు గరిష్ఠ వేగం 80 కిలోమీటర్లు. నాగోలువాసికి దగ్గరలోనే 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారి ఉన్నది. నగరం చుట్టూ అంతకంటె వేగమైన బాట లేదు. అయితే దాని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలకు ప్రవేశమే లేదు. వేగం ఒకటిన్నర రెట్లయితే, ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తీ, బ్రేకు వేసిన తరువాత బండి సాగిపోయే దూరమూ రెండుంపావు రెట్లవుతాయి. విభాగినిలో వదిలిన సందుల గుండా గేదెలు దాటే రహదారి మీద, ఎదురుదారిలో ట్రాక్టరు వచ్చే రహదారి మీద ఈ లెక్కకు ఎంత విలువో చెప్పనక్కరలేదు.

శక్తి సంగతి ఇట్లుండగా, బరువు సంగతి మరింత ముఖ్యమైనది. బండి నడుస్తున్నంతసేపు దాని బరువు అంతగా తెలియదు. చక్కగా నిర్మించిన పెద్ద బండి, రోడ్డుమీద పరుగెత్తుతున్నప్పుడు, చిన్నదానికంటె తేలికగా ఉన్నట్లే తోస్తుంది. షోరూము ముందు పదినిమిషాలు నడిపిచూసినవారు మురిసిపోయేది ఇందుకే. ఆగినప్పుడు, తిరిగినప్పుడు, పడినప్పుడు అసలు బరువు బయటపడుతుంది. అపార్టుమెంటు అడుగున ఉన్న వాలులో వెనక్కు నెట్టేటప్పుడు, దిల్‌సుఖ్‌నగర్ రద్దీలో ఒంటికాలు ఆనించి నిలిచేటప్పుడు, వానలో తడిసిన నల్లరేగడి మీద ముందు చక్రం జారినప్పుడు, 196కూ 237కూ మధ్యనున్న 41 కిలోలు అంకెలుగా ఉండవు. నడుము మీద పడతాయి. ఇనుప పెట్టెలూ సామానూ తగిలిస్తే పెద్ద బండి మూడు వందల కిలోల దరిదాపుకు చేరుతుంది.

నాగోలుకు తూర్పున రాచకొండ ఉన్నది. రేచర్ల పద్మనాయకులు రాజధానిగా ఏలిన ఆ దుర్గం చుట్టూ బండరాళ్లు, మొరం బాటలు, వర్షాకాలంలో తెగిపోయే వాగులు. సాహసమన్నది లడఖు దాకా పోనక్కరలేకుండా ఇక్కడే పరీక్షించుకోవచ్చు. ఇటువంటి బాటలో పడటం సహజం, లేవటమే విద్య. పడిన బండిని లేపటానికి ఒక పద్ధతి ఉన్నది. మొదట ఇంజను ఆపాలి. బండి కుడివైపుకు పడితే, ఎడమవైపున్న పక్క స్టాండును ముందే దించి పెట్టాలి. లేకపోతే లేపినది అవతలికి పడుతుంది. గేరు వేసి ఉంచితే చక్రం కదలదు. అప్పుడు బండికి వీపు ఆనించి, కూర్చున్న భంగిమలో ఒక చేత హ్యాండిలునూ ఒక చేత వెనుక కడ్డీనీ పట్టుకొని, నడుము వంచక, కాళ్ల బలంతో వెనక్కు అడుగులు వేస్తూ లేపాలి. ఒంటరిగా పోదలచినవాడు తాను కొనబోయే బండిని, పెట్టెలతో సహా, ఈ విధంగా వరుసగా మూడుసార్లు లేపగలడా అని తన్ను తాను ప్రశ్నించుకోవాలి. లేపలేనిచో ఆ బండి మీద అతడు జనసంచారమున్న చోటికి మాత్రమే పోగలడు. సాహసయాత్ర అన్న మాటకు అప్పుడు అర్థం మిగలదు.

డకార్ పందెం నడిపేవారే 2011 నుంచి మోటారు సైకిళ్ల ఇంజనును 450 సి.సి.కి పరిమితం చేశారు. లోకంలోకెల్ల కఠినమైన ఆ పరుగు నేటికీ ఆ కొలతతోనే సాగుతున్నది.

కొండ ఎత్తులలో చిన్న ఇంజను చతికిలబడుతుందని కొందరి భయం. ఇందులో నిజం కొంత ఉన్నది. అయిదువేల మీటర్లు దాటిన కనుమలలో గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో ఇంచుమించు సగమే. అందుచేత ఇంజను శక్తి కూడా దాదాపు సగానికి దిగుతుంది. నలభై అశ్వశక్తుల బండికి ఇరవై మిగులుతాయనుకుందాం. ఆ రాళ్లబాటలో ఎవరూ గంటకు ముప్ఫయి కిలోమీటర్లకు మించి పోరు గనుక, ఆ ఇరవై చాలినంతే.

దూరం మాటకు మన నగరమే సాక్ష్యం చెబుతుంది. 2018లో జయభారతి నాయకత్వాన నలుగురు మహిళలు, తెలంగాణ పర్యాటకశాఖ ప్రోత్సాహంతో, హైదరాబాదు నుంచి బయలుదేరి మయన్మారు, థాయిలాండు, లావోస్, కంబోడియా, వియత్నాంలను చుట్టివచ్చారు. మన దేశంతో కలిపి ఆరు దేశాలు. సుమారు 17,000 కిలోమీటర్లు. వారు నడిపినవి నాలుగు వందల సి.సి. తరగతి బండ్లు. వారిలో ఒకరైన పియా బహదూర్ ఆ యాత్రను ఆంగ్లంలో పుస్తకంగా కూడా రాశారు. మెకాంగు నది దాకా పోయివచ్చిన కొలత, శ్రీశైలానికీ అరకుకూ చాలదనటం న్యాయం కాదు.

మోసే శక్తిలోనూ లోకం అనుకొనేంత భేదం లేదు. తయారీదారులు అనుమతించిన మొత్తం బరువులో బండి బరువు తీసివేస్తే, హిమాలయన్ మీద సుమారు 198 కిలోలూ, పెద్ద జి.ఎస్. మీద సుమారు 228 కిలోలూ ఎక్కించవచ్చు. తేడా ఒక బియ్యం బస్తా అంత. పెట్రోలు సంగతి చూస్తే మధ్యరకం లీటరుకు 27 నుంచి 30 కిలోమీటర్లు, పెద్దది సుమారు 20 ఇస్తాయి. 17 లీటర్ల ట్యాంకుతో మొదటిది, 19 లీటర్ల ట్యాంకుతో ఉన్న రెండోదానికంటె దూరం పోతుంది. నల్లమలలో మన్ననూరు వద్ద రాత్రి తొమ్మిదింటికి అటవీశాఖవారు ద్వారం మూస్తే తిరిగి ఉదయం ఆరింటికే తెరుస్తారు. అటువంటి అడవిబాటలకు ఇంధనపు లెక్క చాలా అవసరం. మరమ్మతుకు కూడా నల్లగొండ, ఖమ్మం, వరంగల్లు వంటి పట్టణాలలో మధ్యరకానికి విడిభాగాలూ చేయి తిరిగిన మేస్త్రీలూ దొరుకుతారు. పెద్దరకానికి మహానగరం దాకా రావలసిందే.

ఇంతమాత్రాన పెద్ద బండి వృథా అని తీర్పు చెప్పటం నా ఉద్దేశం కాదు. దానికి న్యాయంగా రావలసిన పేరును దానికి ఇవ్వాలి. భార్యాభర్తలిద్దరూ సామానుతో రోజుకు ఆరేడు వందల కిలోమీటర్లు, వారం రోజులపాటు, మంచి రహదారుల మీద పోదలచినప్పుడు, పెద్ద ఇంజను మెల్లగా తిరుగుతూ అదురు లేకుండా లాగే తీరు వేరు. వెనుక కూర్చున్నవారికి విశాలమైన సీటు, గాలిని తప్పించే అద్దం ఉంటాయి. చక్రం జారకుండా ఇంజనును అదుపుచేసే ఎలక్ట్రానిక్ సాధనం, మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా తడబడని బ్రేకు ఉంటాయి. గొలుసుకు బదులు ఇరుసుకడ్డీ ఉంటుంది గనుక దారిపొడుగునా నూనె వేస్తూ శుభ్రం చేసుకొనే పని ఉండదు. హిమాలయన్‌లో చక్రం జారుడును ఆపే సాధనం లేదు. గొలుసు సంరక్షణ తప్పదు. వంద దాటిన వేగంలో గంటలకొద్దీ సాగితే ఆయాసం తెలుస్తుంది. కాలిపొడవు, బాహుబలం, పదేళ్ల అనుభవం, అప్పుచేయనక్కరలేని ధనం, ఏడాదికి రెండు మూడు నిజమైన దూరయాత్రలు ఉన్నవారు పెద్దదాన్ని కొంటే దాని విలువ పూర్తిగా అనుభవిస్తారు.

మరి ఆ నడిమి శ్రేణి? సుజుకి వి-స్ట్రోమ్ 800 డి.ఇ. 776 సి.సి. ఇంజనుతో 2024లో మన దేశానికి 10 లక్షల 30 వేల ధరకు వచ్చినది. దాని బరువు 230 కిలోలు. అనగా ధర పెద్దదానిలో సగమే గాని, బరువు మాత్రం సగం కాదు; ఇంచుమించు అంతా ఉన్నది. జంటగా రహదారిప్రయాణాలు ఎక్కువ చేసేవారికి ఇది మంచి రాజీ. బరువు తగ్గుతుందని ఆశపడి దీన్ని కొనేవారు మాత్రం మరొకసారి ఆలోచించాలి.

ఇప్పుడొక గృహస్థును ఊహించుకుందాం. నాగోలులో సొంత ఇల్లు, నగరంలో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఏడాదిలో మూడు వందల రోజులు ఎల్.బి.నగర్, కొత్తపేట, మలక్‌పేటల రద్దీలోనే బండి నడవాలి. మే నెల ఎండలో, కూడలి దీపం వద్ద, పెద్ద ఇంజను వేడి తొడలకు సెగలా తగులుతుంది. నాలుగైదు ఆదివారాలు సాగరుకో భువనగిరికో పోతాడు. ఏడాదికొక్కసారి పదిరోజుల యాత్ర. ఈ మనిషి ఆ పదిరోజుల ఊహకు లొంగి మూడు వందల రోజుల భారాన్ని కొనితెచ్చుకోవటం వివేకమా? పైగా వాయిదాల మీద కొన్న ఖరీదైన బండి పడితే ఏమవుతుందో అన్న భయంతో మొరం బాట ఎక్కనే ఎక్కడు. మధ్యరకం బండి గీత పడ్డా నవ్వుకొని ముందుకు సాగుతుంది. మంచమున్నంతవరకే కాళ్లు చాచుకోవాలన్న సామెత ఇటువంటి సమయానికే పుట్టినది.

ఖర్చు తగ్గించుకొన్న డబ్బులో కొంత తప్పక రక్షణ సామగ్రికి వినియోగించాలని నా మనవి. తలకు బాగా పట్టే ఐ.ఎస్.ఐ. గుర్తు గల పూర్తి హెల్మెట్టు, భుజాలకూ మోచేతులకూ కవచాలున్న కోటు, చేతిజోళ్లు, చీలమండ కప్పే బూట్లు. ఆపైన ఒకటి రెండు రోజుల శిక్షణ. ఏనుగును కొని అంకుశానికి బేరమాడినట్లు, బండికి లక్షలు పోసి హెల్మెట్టుకు వందలు లెక్కించేవారిని తరచు చూస్తున్నాం.

సొమ్ము చెల్లించేముందు నాలుగు పరీక్షలు చేసుకోవాలి. రెండు పాదాలూ, కనీసం వాటి ముందుభాగాలైనా, నేలకు గట్టిగా ఆనుతున్నవా? వాలులో ఇంజను ఆపి వెనక్కు నెట్టగలమా? పడితే ఒంటరిగా లేపగలమా? గడచిన ఏడాదిలో నిజంగా పోయిన ప్రయాణాల జాబితా రాస్తే, వాటిలో మధ్యరకం చేయలేనిది ఒక్కటైనా ఉన్నదా? నాలుగోదానికి ఉన్నదని జవాబు వచ్చి, మొదటి మూడూ నెగ్గినవారు నిస్సంకోచంగా పెద్దదాన్ని తీసుకోవచ్చు. తక్కినవారికి మధ్యరకమే మేలు. అది నేర్పిన విద్య వృథా పోదు; నాలుగైదేళ్ల తరువాత పెద్దదానికి మారదలచినా ఆ అనుభవమే పునాది అవుతుంది.

బండి గొప్పదనం ఎంత దూరం తీసుకుపోగలదన్నదానిలో కొంతే ఉన్నది. బాట చెడిన చోట, పొద్దు వాలే వేళ, సాయానికి ఎవరూ లేనప్పుడు, తన యజమానిని క్షేమంగా ఇంటికి చేర్చగలదా అన్నదే దానికి అసలు పరీక్ష. ఆ గడియలో తనకు లొంగి ఉండే బండిని ఎంచుకొన్నవాడు చిన్నది కొన్నా పెద్దది కొన్నా సరైనదే కొన్నట్లు.